రసీదు

ఎలక్షన్ తేదీలు టీవీలో చెప్పిన మూడోనాడు
స్టేషన్ నుంచి ఫోనొచ్చింది:
"ఓబులేసూ, నీ గన్ను తెచ్చి అప్పజెప్పు."

పాత దుప్పట్లో చుట్టుకోని
లగ్గెరె కాడ బస్సెక్కినా.
"ఏన్రీ అదు, తంబూరినా?" అన్నాడు కండక్టరు.
తల ఊపినా.
తంబూరికి టిక్కెట్టు లేదన్నాడు.
నిజం చెప్పుంటే బస్సు ఖాళీ అయ్యుండేది.

అవెన్యూ రోడ్డులో సేటు నగల కొట్టు ముందర
పద్దెనిమిదేండ్లుగా నిలబడుకోని ఉండాను.
నిలబడింది నేను కాదు, అది.
అది లేకుంటే నాకు తొమ్మిది వేలు,
ఉంటే పదహారు.
ఆ ఏడు వేలు దాని కూలి.
లైసెన్సు మాత్రం నా పేరు మీద,
నా పుట్టుమచ్చలతో సహా.

సర్కారంటే నాకు ఆ చిన్న పుస్తకమే.
ముద్ర వేసే ముందర మనిషిని పంపుతాది,
వాడొచ్చి మా పక్కింటామెను అడుగుతాడు,
వీడు తాగుతాడా, పెండ్లాన్ని కొడతాడా అని.
ఆమె తలుపు సందులోంచి లేదనే దాకా
నేను మంచోడినో కాదో
నాకూ అనుమానమే.

"ఓట్ల కోసం మన చేతులు కట్టేస్తే ఎట్లప్పా?
దొంగకు కోడ్ ఉందా?" అంటాడు సేటు.
మేడ మీది వకీలుది ఇంకో మాట.
పుట్టుకతో వచ్చేదే హక్కంట,
ముద్ర వేసి ఇచ్చేది దయంట.
నా టీ చల్లారే దాకా చెబుతాడు.
ఆయప్పకు రెండు పిస్తోళ్ళు,
ఒకటి మామగారు పోతూ పోతూ ఇచ్చింది.

మా ప్రమీల లా చదువుతాది.
"ఎవురి కాడా ఉండకూడదు నాయనా,
పోలీసుల కాడ కూడా."
వాళ్ళ కాడా లేకుంటే ఎట్లమ్మా అంటే
"అప్పుడు మాట్లాడాల్సి వస్తాది" అనింది.
దాని ఫీజు కట్టేది ఆ ఏడు వేలే.
అది దానికి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

ముగ్గురిలో ఎవురికీ నేను చెప్పని సంగతొకటుంది.

కావేరి గలాట నాడు
షట్టర్లు దించేసి సేటు వెళ్ళిపోయినాడు.
వీధి నిండా టైర్ల పొగ.
ఒక పిల్లోడు నా ముందరికొచ్చి నిలబడినాడు,
చేతిలో రాయి.
వాడు తుపాకీని చూసినాడు, నేను రాయిని చూసినా.
వాడి చెప్పు తెగిపోయుండాది, ఒక కాలికే.
కాల్చొచ్చునా కాల్చకూడదా
ఆ పుస్తకంలో ఏ పేజీలో ఉందో గుర్తురాలే.
గొట్టం నేలకు దించి
మెట్టు మీద కూర్చున్నా.
వాడు బోర్డును కొట్టి పోయినాడు.
బోర్డుకయిన ఖర్చు
నా జీతంలో నాలుగు నెలలు కోసినాడు సేటు.

స్టేషన్లో మంజప్ప నంబరు రాసుకున్నాడు,
ట్రిగ్గర్‌కు దారంతో చీటీ కట్టినాడు,
గుడి బయట చెప్పులకు కట్టినట్టు.
కాఫీ తోటల దొరల రైఫిళ్ళ పక్కన
నా ముంగేరు సింగిల్ బ్యారెల్
అదే గోడకు ఆనుకోని నిలబడింది.
అంత సమానంగా నేనెప్పుడూ నిలబడలేదు వాళ్ళ పక్కన.

"ఈ నెలన్నర ఏం చేస్తావప్పా?"
"కర్ర పట్టుకుంటా సార్."
రసీదు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నా.
దుప్పటి తేలిగ్గా ఉంది. భుజమే
అలవాటుగా ఒక పక్కకు వంగి నడిచింది.

మర్నాడు కొట్టు కాడ
చంకలో బిడ్డను పెట్టుకోని ఒకామె ఆగింది.
"అన్నా, చెవులు కుట్టేవాళ్ళు యాడుంటారు?"
పద్దెనిమిదేండ్లలో
నన్నెవురూ దోవ అడగలే.
కర్రను షట్టర్‌కు ఆనించి
మూల దాకా పోయి చూపించొచ్చినా.

వెనకనుంచి సేటు అరుస్తా ఉండాడు,
"కర్ర! ఓబులేసూ, కర్ర!"