నొక్కు

జూన్ రెండో గురువారం.
ఇల్మెనావ్ ప్రకృతి రక్షణ కార్యాలయంలో
మూడో కౌంటర్ నాది.
నలభై ఏడో నంబరు వెలిగేదాకా
కదలకుండా కూర్చున్నాడు వాడు,
ఇలాంటి గదులు చాలా చూసినవాడిలా.
పదకొండేళ్లుంటాయి. పేరు లెవాన్.
జేబులోంచి గాజు గొట్టం తీసి
నా బల్ల మీద పెట్టాడు.

అడుగున నీళ్లు, నీళ్లకు అడ్డంగా తడి దూది,
మూతికి పొడి దూది,
నడుమ వేలెడు జాగాలో ఒక చీమ.
"రాణి. ఈతకొలను మెట్ల మీద దొరికింది.
పెంచుకోవచ్చా? కాయితం ఏమైనా కావాలా?"

కాయితం అన్న మాట
వాడి నోట్లో మరీ పాతబడి ఉంది.

పది రెట్ల అద్దం కంటికి ఆనించాను.
రాణే.
ఉబ్బిన వీపు, వీపుకి రెండు పక్కలా
రెక్కలు తనే తెంపుకున్న చోట
గుండీ ఊడిన చొక్కా మీద మిగిలే దారపు గుర్తులు.
నడుముకి ఒకటే పొలుసు. రెండు కణుపులుంటే
కుట్టే జాతి, అది వేరే సంగతి.
తల నలుపు, పొట్ట నలుపు,
మధ్యలో ఇటుక పొడి ఎరుపు.

ఆ ఎరుపు చూసి నా చెయ్యి ఆగింది.

ఒళ్లంతా నలుపైతే
"తీసుకెళ్లు నాయనా, తేనెచుక్క పెట్టు" అని
పంపేసేదాన్ని.
ఎరుపు నడుమున్న, పైన్ ఆకుల గుట్టలు కట్టే చీమలన్నీ
మా జాబితాలో ఉన్నాయి.
ముట్టుకోకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు.
ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు,
ఇక్కడ ఆజ్ఞ లేనిదే చీమకి సీసా కూడా లేదు.

ఒక్కదానికి మినహాయింపు.
దాని మూతి పైరేకు అంచున
గోటితో గిల్లినంత నొక్కు ఉంటుంది.
పక్క పుట్టల మీద పడి పిల్లల్ని ఎత్తుకొచ్చి
పనికి పెట్టుకునే దొంగచీమ అది.
దాన్ని పెంచుకోవచ్చు.

"నొక్కు ఉంటే నీది" అన్నాను.
వాడు ఊపిరి బిగబట్టాడు.
అద్దం మీద నా ఊపిరి ఆవిరైంది, తుడిచాను.
మళ్లీ చూశాను.
చీమ కూడా మీసాలు ముందుకు చాచి
నన్ను గుర్తుపట్టాలని చూసింది.

అంచు తిన్నగా ఉంది.
కత్తెరతో కోసినంత తిన్నగా.

వాడు ఏడవలేదు. "దీని పేరు మాక్వలా" అన్నాడు.
"నీ దగ్గరుంటే చచ్చిపోతుంది" అన్నాను,
ఓదార్పనుకుని.
"ఇది ఒంటరిగా పిల్లల్ని పెంచలేదు.
నల్లచీమల పుట్టలోకి దూరి
వాళ్ల రాణిని చంపి
వాళ్ల చేతులతోనే తన పిల్లల్ని సాకించుకుంటుంది."

వాడు చాలాసేపు గొట్టం కేసి చూశాడు.
"ఆ నల్లచీమలు జాబితాలో ఉన్నాయా?"

ఇరవై రెండేళ్ల నౌకరీలో
ఎవరూ అడగలేదు.

"లేవు."

"ఎందుకు?"

ఫోన్ మోగితే బాగుండనిపించింది. మోగలేదు.
"అవి చాలా ఉన్నాయి" అన్నాను చివరికి.
వాడు తలూపాడు,
ఈ జవాబు ఇంకెక్కడో కూడా విన్నట్టు.

నాలుగింటికి కౌంటర్ మూసి వాడితో నడిచాను.
'దొరికిన చోటనే విడిచిపెట్టడమైనది' అని
రిజిస్టరులో ముందే రాసేశాను, ముద్ర కూడా వేశాను.
మెట్ల మీద పిల్లల తడి అడుగులు.
మెట్ల వెనక, కంచె దాటాక, పైన్ చెట్ల మొదలు.

వాడు మోకాళ్ల మీద కూర్చుని దూది లాగాడు.
గొట్టాన్ని నేలకి ఆనించి పట్టుకున్నాడు.

మాక్వలా బయటికి రాలేదు.
అంచుదాకా వచ్చి, ఎండని మీసంతో తాకి,
వెనక్కి తిరిగి తడి దూది పక్కకే పోయింది.

"ఇప్పుడు చట్టం ఏమంటుంది?" అన్నాడు లెవాన్.

ఆరున్నర బస్సు పోయింది.
ఇద్దరం అక్కడే ఉన్నాం.
వాడి చెయ్యి నొప్పెడితే
కాసేపు నేను పట్టుకున్నాను.