సీటు మీది సంచి

కోఠిలో, మందుల దుకాణాల సందు మొగలో
పది నిమిషాలే కదా అని ఆపాను.
తాళం వేసి, రెండడుగులు వెళ్లి
నమ్మకం చాలక మళ్లీ నొక్కాను.
కారు కన్ను కొట్టింది.

తిరిగొచ్చేసరికి
వెనక తలుపు అద్దం
కల్లుప్పులా సీటంతా.

"సంచి కనబడేటట్టు పెడ్తరా సార్?
డిక్కీ ఎందుకున్నది మరి!"
పార్కింగ్ చీటీల మొగులయ్య
నాకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు.

స్టేషన్‌లో రైటర్: "ఏమేం పోయినయ్?"
ఎడమ మోకాలి ఎక్స్‌రే, డాక్టరింకా చూడనిది.
సగం తిన్న ఉస్మానియా బిస్కెట్ల పొట్లం.
గొడుగు. ఒక పుల్ల విరిగింది.
"విలువ?"
పెన్ను కాగితం మీదే ఆగింది.

అఫ్జల్‌గంజ్ వైపు ఏ దీపస్తంభం కిందో
ల్యాప్‌టాప్ అనుకున్నవాడు
నా మోకాలిని వెలుతురుకెత్తి
తిప్పి తిప్పి చూసుంటాడు.
తిట్టుకునీ ఉంటాడు.
బిస్కెట్లు మాత్రం తినే ఉంటాడు.

అద్దం కొత్తది వేయించాను.
సీటు మీద ఇప్పుడు రుమాలు కూడా ఉంచను.
రాత్రి మూడో అంతస్తు బాల్కనీ నుంచి
ఇంకోసారి తాళం నొక్కి
కుంటుతూ లోపలికొస్తుంటే
వాడే గుర్తొస్తాడు:

నా నొప్పి ఎక్కడుందో
అందరికన్నా ముందు చూసినవాడు.