చుక్కల గీత

గ్ల్దానీలో ఎనిమిదో బ్లాకు ముందు
మా క్లాసు నిలబడింది, చేతుల్లో కొలత టేపులు.
ఈ భవనం నా చేతి గీతే.
నాకు పాతికేళ్ళప్పుడు
మాస్కో కొలతల పుస్తకం పక్కన పెట్టుకుని
మనిషికి తొమ్మిది చదరపు మీటర్లని లెక్కగట్టి గీశాను.
వంటగదిలో ఇద్దరు ఎదురుపడితే
ఒకరు వెనక్కి నడవాలి. అది లెక్కలో లేదు.

తర్వాత దేశం పోయింది. కరెంటు పోయింది.
జనం ఇనుప కమ్మీలు ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి మోసుకొచ్చి
గోడకు బయట గదులు వేలాడదీశారు.
ఒకదానికి నీలం రేకు, ఒకదానికి బస్సు అద్దాలు,
ఐదో అంతస్తులో ఏకంగా ద్రాక్ష పందిరి.

"టీచర్, ప్లానులో లేని గదిని ఎలా గీయాలి?"
తెక్లా అడిగింది, చెవి వెనక పెన్సిలు.

మాకు నేర్పింది చుక్కల గీత.
కూల్చెయ్యాల్సినవాటికి.
చెప్పబోయాను.
పైనుంచి ఒకావిడ కిటికీ తెరిచి అరిచింది:
"కొలిస్తే కొలిచారు గానీ ఆ మూల స్తంభం ముట్టుకోకండి!
మా బాచానా పుట్టిన ఏడు పాతాం.
వాడెప్పటికైనా పెళ్ళాడితే ఇంకో గది వెయ్యాలి!"

పిల్లలు నవ్వారు.
నలభై ఏళ్ళ నా చదువు
ఆ స్తంభం వంపు చూసి వణికింది.

ఆటస్థలమని నేను ఆకుపచ్చ పూసిన చోట
ఇప్పుడొక టవరు లేస్తోంది, అన్ని అనుమతులతో.
దానివన్నీ నిండు గీతలే.

తెక్లా ఇంకా నావైపే చూస్తోంది.
"ముందు బరువు రాయి," అన్నాను,
"లోపల ఎంతమంది పడుకుంటారో కనుక్కో.
గీత సంగతి సాయంత్రం చూద్దాం."