గాలి రావడం లేదని ఫిర్యాదు

డండీలో, టే నదికి ఎదురుగా ఉన్న వీధిలో
మూడో అంతస్తు, ఎఫీ గెడెస్ ఇల్లు.
జనపనార మిల్లులో ముప్పై ఏళ్లు కండెలు మార్చిన చేతులతో
తలుపు తీసి ఆవిడ అన్న మొదటి మాట:
"కోటు విప్పకు."

నిజమే, లోపలి నవంబరు
బయటి నవంబరు కన్నా ముసలిది.
నాలుగు కిటికీలు, అన్నీ ఒంటి అద్దాలే.
నూరు చలికాలాలకి పుట్టీ రాలిపోయి
చౌకట్టులో వదులు పళ్లలా కదులుతున్నాయి.
సందుల నిండా గోనె పీలికలు.
"మిల్లు నాకిచ్చిన పింఛను" అంది.

అగ్గిపుల్ల గీసి అద్దం అంచున పట్టుకున్నాను.
మంట తల వంచింది, పక్కకి పడింది, పోయింది.
పని నేర్చుకోవడానికి నాతో వచ్చిన ఐలా
గోడ మీద మీటరు కేసి చూసి
"ఇన్నేళ్లూ ఈవిడ నదిని కాచింది" అంది గొణుగుతూ.

డబ్బు సంగతి ఎత్తితే ఎఫీ తడుముకోలేదు.
సగం కౌన్సిల్ ఇస్తుంది,
మిగతా సగం బిస్కెట్ల డబ్బాలో
తన అంత్యక్రియలకని దాచింది.
"చచ్చాక చల్లబడ్డం ఎలాగూ తప్పదు.
ఇప్పట్నించే అలవాటెందుకు?"

పక్క చెక్క ఊడదీసి తాడు కోశాను.
గోడ కడుపులో ధడేల్మంది.
"ఎవరది!" అని అదిరిపడింది.
ఇనుప గుండు, అన్నాను.
కిటికీ ఎత్తినప్పుడల్లా మీ బరువులో సగం
ఇన్నాళ్లూ చీకట్లో ఉండి మోసింది ఇదే.
అలాంటివి పదహారు, నేల మీద వరసగా పడుకోబెట్టాం.
ఆవిడ దుప్పటి తెచ్చి కప్పలేదు గానీ
కప్పుతుందేమో అనిపించింది.

పాత అద్దం దించుతుంటే
అవతలి వీధి దీపం చివరిసారి
నీళ్లలో నిలబడ్డట్టు వంకరపోయింది.
ఒక మూల చిన్న బుడగ.
ఊదినవాడి ఊపిరి కావచ్చు,
పేరు అడిగే వీలు లేదు.
పలకలు పగలగొట్టొద్దంది.
కూరపాదుల్లో లీక్ మొలకల మీద కప్పుతుందట.

కొత్తవి బిగించాం.
ఒక్కో దానికి రెండు అద్దాలు, నడుమ బందీగా కొంచెం వాయువు.
అదేం చేస్తుందని ఐలాని అడిగితే
"ఏమీ చెయ్యదు, అదే దాని ఉద్యోగం."

తొమ్మిదో రోజు ఫోను.
"నీ పనిలో లోపముంది.
గాలి రావడం లేదు."

వెళ్లాను. చొక్కా చేతులు మడుచుకుని ఉంది.
అగ్గిపుల్ల గీశాను.
మంట బడిలో పిల్లాడిలా నిటారుగా నిలబడింది.
చూశారా, అన్నాను.
"అదే కదా నేను చెప్పేది!
తూర్పుగాలి సన్నగా ఈల వేసేది. పొగమంచు వస్తోందని తెలిసేది.
పడమటిది బొంగురుగొంతు.
మంచం దిగకుండానే ఏ బూట్లు వేసుకోవాలో తేలిపోయేది.
ఇప్పుడు రాత్రంతా కొళాయి చుక్కా నేనూ."

సంచిలో వాషరుంది. కొళాయి కట్టేశాను.
బిల్లు చూపించింది, నిరుడు ఇదే వారానికి కట్టినదాంట్లో సగం లేదు.
అయినా మొహం కుదుటపడలేదు.
అప్పుడు గుర్తొచ్చి
చట్రం పైన గాలిబీటని చిటికెన వేలంత జరిపాను.

ఎఫీ కదలకుండా నిలబడింది.
నాకేమీ వినిపించలేదు.
"పడమటిది" అంది కళ్లు మూసుకునే.
"రాత్రికి వాన. కిందకెళ్లి
నీ నిచ్చెన లోపల పెట్టుకో."