పెద్దకోడలు

ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాసే నా ల్యాప్‌టాప్
పొద్దున్న నొక్కితే, టీ తాగి వచ్చేసరికి గానీ కళ్లు తెరవదు.
తెరిచాక అప్‌డేట్ అప్‌డేట్ అంటూ
ఫిషింగ్ హార్బర్ పిల్లిలా కాళ్లకు చుట్టుకుంటుంది.

డాబాగార్డెన్స్‌లో గవర్రాజు మూత ఎత్తి వాసన చూశాడు.
"ఉప్పుగాలి తినేసిందండీ. కొత్త విండోస్ దీన్ని గడప తొక్కనివ్వదు.
పాతిక వేలు పెట్టి ఇంకోటి తీసుకోండి."
పాతిక వేలంటే నాకు రెండు నెలలు,
ఒక వేట నిషేధం.

కోటవీధి జిరాక్స్ షాపు షాహీన్ నవ్వింది.
"డబ్బులెందుకు పిన్నీ, రెండు పెన్‌డ్రైవ్‌లు పట్రా. లినక్స్ వేద్దాం."
ఏ లినక్సో కూడా మనమే ఏరుకోవాలట.
వేలంపాటలో చేపల్లా ఒక్కోటీ తిప్పి చూపించింది.
ఇది ఉబుంటు, మంచిదే, దీనికి కాస్త బరువు.
ఇది మరీ ముళ్లది, చేయి తిరిగినవాళ్లకి.
ఇది మింట్.
"మింట్ అంటే?"
"పుదీనా."
ఇంకేం, అదే తూచమన్నాను.

ఎవరికి ఎన్ని దిమ్మలు, ఎవరి బాకీ ఎంత,
హుద్‌హుద్ నాటి ఖాళీ గళ్లతో సహా
లెక్కలన్నీ గోరంత దాంట్లోకి దిగాయి.
అప్పుడడిగింది తెర:
డిస్కు మొత్తం తుడిచేయమంటారా?
వేలు పెట్టి తీసేశాను.
పెట్టి తీసేశాను.
"దాచేశాం కదా పిన్నీ!"
దాచాం. అయినా తుడిచేయనా అంటే
గబుక్కున అవుననగలమా?

లోకపటం పరిచి, ఎక్కడుంటావంది.
డాల్ఫిన్ నోస్ ఉండాల్సిన ఒడ్డున నొక్కాను.
కోల్‌కతా అని రాసింది.
ఇంకాస్త కిందకి నొక్కాను.
కోల్‌కతాయే.

కంప్యూటర్‌కి పేరు పెట్టమంది.

మా నాన్న బోటు పేరు పెద్దకోడలు.
అందరూ అమ్మవార్ల పేర్లు రాయించుకుంటే
నాయనమ్మ అడ్డం తిరిగింది,
ఎవరి పుస్తెలతాడు తాకట్టులో ఉందో వాళ్ల పేరే ఉండాలని.
చదువురాని అమ్మ
ఆ నీలం అక్షరాల్లో ద కింద వత్తు చూసి
ఇదే నాది అనేది.
ఇంజను పోయాక చెక్కలు చెక్కలుగా అమ్మేశాం.

చిన్న ఇంగ్లీషు అక్షరాలే కావాలట, మధ్యలో జాగా ఉండకూడదట.
కొట్టాను. ఒప్పుకుంది.

అరవై మూడు శాతం దగ్గర ఫ్యాన్ ఆగింది.
ముసలి ఇన్వర్టర్ కీచుమంది.
షాహీన్ పెదాల మీద దువా, నా నోట్లో పైడితల్లి.
అరవై నాలుగు.
చాలాసేపు అరవై నాలుగే.

ఇప్పుడు టీ గ్లాసు ఎత్తేలోపే లేస్తుంది.
ప్రింటర్‌తో మాత్రం ఇంకా మాటల్లేవు.
నిన్న అమ్మ క్యారేజీ తెచ్చి తెరవైపు వంగి చూసింది.
ఎక్కడా వత్తు లేదు.
"ఏటి రాసుందే?"
చెప్పాను.
ఏమీ అనలేదు.
వెళ్తూ వెళ్తూ, మూత మీది ఉప్పుపొరని
కొంగుతో తుడిచింది.