ఎత్తు పన్ను

వడపళనిలో మెట్రో స్తంభం వెనక సందులో
పళ్ళు చేస్తాను నేను.
మైనం, పింగాణీ, సన్న సాన.
నెలకి మూడొందల నోళ్ళు నా బల్ల మీదికొస్తాయి,
ఒక్కటీ మాట్లాడదు.

ఆదివారం సాయంత్రం మాత్రం
సాలిగ్రామంలో జిరాక్సు షాపు డాబా మీద
నీళ్ళ ట్యాంకు నీడలో నలుగురం.
చేతుల్లో స్క్రిప్టులు. విసురుకోడానికీ అవే.
నియమం ఒక్కటే:
రాసినవాళ్ళు పది నిమిషాలు నోరు తెరవకూడదు.
అలారం రోజ్‌మేరీ ఫోన్లో.

మొన్న నా వంతు.
ముప్ఫై ఎనిమిది పేజీలు, పొద్దున్నే స్పైరల్ చేయించి
పైన గాజులాంటి అట్ట వేయించి
శుభలేఖలు పంచినట్టు పంచాను.

జిలానీ సూళ్ళూరుపేట నుంచి లోకల్లో వస్తాడు.
పల్లీ చట్నీ మరకైన నా కాపీ తెరిచి
మరక సంగతి ఎత్తకుండా అడిగాడు:
"ఇరవై మూడో పేజీలో చెల్లెలు తలుపెందుకు తీసింది?"

ఎందుకంటే బయట వాన.
ఎందుకంటే వచ్చింది వాళ్ళన్న స్నేహితుడు.
ఎందుకంటే ముందో సీనుండేది, నేనే తీసేశాను.
ఎందుకంటే నువ్వు రైల్లో నిద్రపోతూ చదివావు.
"అది కాదు జిలానీ" అనే మాటని
వేడి ఇడ్లీ ముక్కలా
ఈ దవడ నుంచి ఆ దవడకి తిప్పుతూ కూచున్నాను.
ఇంకా ఏడు నిమిషాలు.

"తల్లి ఏడ్చిన చోట నాకు ఏడుపు రాలేదు" అంది గజలక్ష్మి,
"ఆకలేసింది."
ఆమెది కుప్పం. అబద్ధానికి ఓపిక లేదు.

పక్క డాబా మీద ఒకావిడ
ఎండిన వడియాలు ఎత్తుతూ అరవంలో కొడుకుని తిడుతోంది.
తిట్టు మధ్యలో ఒక వడియం వాడి నోట్లో పెట్టింది,
మళ్ళీ అందుకుంది.
నా ముప్ఫై ఎనిమిది పేజీల్లో
అలాంటి వడియం ఒక్కటీ లేదు.

అలారం మోగింది. ఇక నా ఇష్టం.
"తలుపు ఎందుకు తీసిందంటే," అన్నాను,
"నాకు తలుపు తెరిచుండాలి గనక."
ఎవరూ నవ్వలేదు.
జిలానీ పెన్సిలుతో అంచున ఏదో రాశాడు.

తర్వాత రోజ్‌మేరీది.
ఉప్పుమళ్ళలో పని చేసే ఇద్దరు తోడికోడళ్ళ కథ.
"బాగుంది," అన్నాను.
నిజానికి కక్ష తీర్చుకుందామనే వచ్చాను,
వాళ్ళు నన్ను చీల్చాక చేతకాలేదు.
పది నిమిషాలు పూర్తయ్యేదాకా ఆగి అంది:
"బాగుందని మా చిన్నమ్మ కూడా అంది.
నీకు ఫోన్ చూడాలనిపించింది ఎక్కడ, అది చెప్పు."

చెప్పడం ఇంత కష్టమనుకోలేదు.
"పద్నాలుగో పేజీ. పెద్దావిడ పొడుగ్గా మాట్లాడే చోటు."
రోజ్‌మేరీ ఆ పేజీ మూల మడిచింది.
చెవి మెలేసినట్టు కాదు,
నిద్రపోయే పిల్ల దుప్పటి అంచు సర్దినట్టు.

మా పనిలో నీలి కాగితం ఒకటుంటుంది.
డాక్టరు కొత్త పన్ను పెట్టి
ఆ కాగితాన్ని కొరకమంటాడు.
చుక్క పడ్డచోట ఎత్తు.
చుక్క మేరకే సాన పట్టాలి,
చెయ్యి ఆగకపోతే పన్నే మిగలదు.
ఎత్తుందని పేషెంటు చెప్పలేడు పాపం, మత్తులో ఉంటాడు.
"హాయిగా ఉంది డాక్టర్" అని వెళ్ళిపోతాడు.
రాత్రి మొదటి ముద్ద దగ్గర తెలుస్తుంది.

నాకు రాత్రి పదిన్నరకి తెలిసింది,
పెరుగన్నం కలుపుతుంటే.
ఎడం చేత్తో ఇరవై మూడో పేజీ తీశాను.
అంచున జిలానీ పెన్సిలు గీతలు:
"ఈ పిల్లకి భయం లేదా? నాకైతే ఉంది."

గాజు అట్ట మీద మెతుకు పడింది. తుడవలేదు.
వానలో ఆ స్నేహితుడు తలుపు కొట్టాడు.
చెల్లెలు లేచింది. గడియ మీద చెయ్యేసింది.
నేను చూస్తూ కూచున్నాను, మొదటిసారి,
ఆమె ఏం చేస్తుందో తెలీక.

జిలానీకి మెసేజ్ పెట్టాను: "తియ్యదు."
గుమ్మిడిపూండి దాటి ఉంటాడు, సిగ్నల్ అంతంత మాత్రం.
చెయ్యి కడుక్కుని వచ్చేసరికి
ఒకే ఒక్క మాట:

"మరి?"