ఏకు, మేకు

మొదట దాన్ని జొరమే కాదనుకుంటి.
వింటి కింద లేచే దూదిపింజంత పలచన,
మూడు దినాలు ముక్కు మీద వాలి
ఊదితే పోయేట్టుండె.
ఆదోని ఆసుపత్రిలో పుల్ల పెట్టి చూసి
ఉందన్నారు.
పద్నాలుగు దినాలకు మళ్ళీ పుల్ల పెట్టి
లేదన్నారు.

లేదన్నది యాడికి పోయిందో
నా మోకాళ్ళనడగండి.

"ఏకు మేకవుతుందిరా కాశీమూ" అనేటోడు మా జేజినాయన,
వడ్డీకిచ్చినోళ్ళ గురించి.
ఇన్నేళ్ళకు ఆ మాట
నా మణికట్టులో దిగింది.

పొద్దున లేస్తే పిడికిలి మూసుకోదు.
చెంబు పట్టుకుంటే
చెంబే నన్ను పట్టుకున్నట్టుంటాది.
నిన్న భుజం, ఈ పొద్దు మడమ,
నెలకో బాడుగిల్లు మారే సంసారం మాదిరి
మూటాముల్లెతో ఒళ్ళంతా తిరుగుతాంది.

డాక్టరమ్మ అడిగింది: "పదికి ఎంత నొప్పి?"
నాకు తెలిసింది తూకమే.
"పన్నెండు కేజీల పరుపు వానకు తడిస్తే
ఎంత బరువో అంత" అంటి.
ఆమె నవ్వలేదు.
నర్సు దిక్కు తిరిగి "ఏడు" అన్నది.
అంకె చెప్పిందో, నన్ను ఏడవమన్నదో
బస్టాండు దాకా అర్థం కాలేదు.

బయట బెంచీ మీద ఉరుకుందప్ప,
యార్డులో పత్తి బోరేలు మోసేటోడు.
"నా వీపు నాది గాదప్పా.
మేస్త్రీకి చెప్తే సాకంటాడు.
కట్టు లేదు, కుట్టు లేదు, వాపన్నా లేదు,
ఏం చూపియ్యాల నేను?"
చెప్పి లేవబోయి, లేవలేక,
లేవాలనుకోనట్టు మళ్ళీ కూర్చున్నాడు.
నేనూ చూడనట్టు చూస్తి.

ఆ వారమే ఒక పిల్ల ఆటోలో పరుపు తెచ్చింది.
"మా నాయనకు జొరం పోయింది, నొప్పులు పోలేదు.
పరుపు గట్టిగుందని రాత్రంతా పొర్లుతాడు.
మిషనోడు ఈ పత్తి ముట్టనన్నాడు."
ఎదురింటి కిటికీ మూసుకుంది.
రెండు దినాలు ఎండలో పడేసి
మూడోనాడు కుట్లు కోస్తి.

పత్తి అబద్ధమాడదు.
మనిషి యాడ ఎక్కువ మోపితే ఆడ ఉండకడతాది.
తుంటి కాడ గడ్డ,
ఎడమ భుజం కాడ రాయి,
మోకాళ్ళ చోట నలిగి నలిగి
చాపంత పలచనైన రెండు గుంటలు.
ఏ ఫోటోలోనూ పడని నొప్పి
నా అరచేతిలో ముద్దలు ముద్దలు.
మొగం చూడని మనిషి తెలిసిపోయినాడు.
ఆ ఎడమ భుజం నాదిగూడా.

విల్లు ఎత్తితి. టొంయ్ మనింది నారి.
ఆ దెబ్బ పత్తికి తగలకముందే
మోచేతికి తగిలింది.
పది దెబ్బలు, కూర్చునేది.
ఎనిమిది, కూర్చునేది.
నాలుగు.

దస్తగిరమ్మ దబ్బనం పక్కన పెట్టి వచ్చింది.
మా ఇండ్లలో ఆడోళ్ళు కుడతారు, విల్లు ముట్టరు.
ఆమె ఏమీ అనలేదు,
నా చేతిలోంచి కొట్టుడుకట్టె తీసుకుంది.
మొదటి దెబ్బ తప్పింది. రెండోదీ తప్పింది.
మూడోదానికి గడ్డ విచ్చుకోని
తెల్లగా లేచి ఆమె రెప్పల మీద వాలింది.
తుడుచుకోలేదు,
ఇంకోటి కొట్టింది.

నాలుగు దినాలకు ఆ పిల్ల ఫోన్ చేసింది:
"నాయన రాత్రి మూడు గంటలు నిద్రపోయినాడు."
మూడు గంటలు!
ఫోన్ పెట్టేసినా చెవి దగ్గరే పట్టుకుంటి.

తెల్లారుజామున నాకు మెలకువొస్తాది.
చీకట్లో వేళ్ళు ఒకటొకటే వంచి చూసుకుంటా.
ఈ పొద్దు చిటికెన వేలు వంగింది.
చెప్దామని పక్కకు తిరిగితే
దస్తగిరమ్మ, నిద్రలోనే,
కుడి భుజం రుద్దుకుంటాంది.